జేబులో ఇమిడిన ధూమనేత్రము

ఈ మాసపు వ్యాసమును ఒక ఒప్పుకోలుతో మొదలుపెట్టవలసి వచ్చినది. మూడు వారములపాటు నేను ఒక యువకునికి పొరపాటు చికిత్స చేసినాను. రోగము అతని కడుపులో ఉన్నదని అనుకున్నాను. దాని కారణము అతని జేబులో ఉన్నది.

అతనికి ఇరువదినాలుగు సంవత్సరములు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రములో ఎం.ఎస్. చదువుచున్నాడు. సెలవులకు ఇంటికి వచ్చిన నాలుగవ దినము నుండి తెల్లవారుజామున వికారము, వాంతులు, బొడ్డు చుట్టూ నొప్పి. అక్కడ కూడా ఏడాదిగా రెండు మూడు నెలలకు ఒకసారి ఇట్లే వచ్చి పోవుచున్నదట. తల్లి వెంటబెట్టుకొని తీసుకొని వచ్చినది. "అన్నం వాసన తగిలితేనే డోకు వస్తోంది వైద్యులు గారూ, బయట తిండి తిని కడుపు పాడు చేసుకున్నాడు" అన్నది. నాకును అట్లే తోచినది. అమ్లపిత్తమని నిర్ణయించి అవిపత్తికర చూర్ణము, శతావరి ఇచ్చినాను. కారము, పులుపు, కాఫీ మాన్పించినాను.

గుణము కనిపించలేదు సరికదా, రెండవ వారమునకు కుర్రవాడు మరింత వాడిపోయినాడు. అవిపత్తికర చూర్ణములో తెగడ ఉన్నది; అది విరేచనకారి. వాంతులతో నీరు పోవుచున్న శరీరము నుండి నేను ఇంకొంత నీరు పోగొట్టినాను. ఈ మాట వ్రాయుట సులభము కాదు. కాని అమ్లపిత్తమనగానే చేయి ఆ చూర్ణపు సీసా మీదికి పోవు అలవాటు ఇండ్లలో కూడా ఉన్నది గనుక వ్రాయుచున్నాను.

దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని రోగిని పరీక్షించుటకు మూడు మార్గములు మా గురువుగారు మొదటి పాఠముగా చెప్పినారు. నాడి చూచినాను, నాలుక చూచినాను, కడుపు తాకి చూచినాను. ప్రశ్నములో తప్పినాను. "పొగ తాగుతావా బాబూ?" అని తల్లి ఎదుటనే అడిగినాను. "లేదు తాతగారూ" అన్నాడు. అతడు అబద్ధము చెప్పలేదు. తాను పీల్చునది పొగ కాదని అతని నమ్మకము.

ఒక లక్షణము మాత్రము నా ముందుకు వచ్చియు దానిని నేను గుర్తించలేదు. "రోజుకు మూడుసార్లు వేడినీళ్ళ స్నానం, గంటేసి సేపు బయటకు రాడు. గీజరు బిల్లు చూస్తే గుండె ఆగిపోతోంది" అని ఆ తల్లి రెండుసార్లు అన్నది. చలిదేశపు అలవాటు కాబోలు అనుకొని నవ్వి ఊరుకున్నాను.

మూడవ వారము ఆమె ఒంటరిగా వచ్చి కొంగు ముడి విప్పి ఒక వస్తువును నా బల్ల మీద పెట్టినది. అగ్గిపెట్టె కంటె కొంచెము పొడవు, నల్లని లోహపు పెట్టె, ప్రక్కన ఒక బొత్తాము, అడుగున ఛార్జింగు రంధ్రము. పైభాగమున గుండ్రని బొరియలో ఒక చిన్న గాజు గొట్టము, దానిలో తేనెరంగు నూనె. "వాడి బట్టలు ఉతకడానికి వేస్తుంటే జేబులో దొరికింది. ఇదేమైనా మందా?" అని అడిగినది. నేనును మొదట ఆస్తమా వారు వాడే ఇన్‌హేలరు వంటిదనుకున్నాను. సాయంత్రము కుర్రవాని నొక్కని పిలిపించి బల్ల మీద వస్తువు పెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఊరుకున్నాను. కొంతసేపటికి అంతయు చెప్పినాడు. గాజు గొట్టములోనిది గంజాయి సారము. దానిని అక్కడ కార్ట్రిడ్జ్ అంటారు. నల్లపెట్టె దానిని వేడిచేసే బ్యాటరీ. చదువు ఒత్తిడికి నిద్ర పట్టక రెండేండ్ల క్రిందట మొదలుపెట్టినాడు. ఇప్పుడు లేచినది మొదలు పడుకొనువరకు గంట గంటకు పీల్చుచున్నాడు.

చివరకు అతడన్న మాట ఇది: "తాతగారూ, ఇందులో ఏదీ కాలదు. పొగ కాదు, ఆవిరి. వేడి తక్కువ పెట్టుకునే వీలు కూడా ఉంది. ఈ బ్యాటరీ చాలా మంచిదని అందరూ అంటారు. మీరు చూసి చెప్పండి."

తప్పు ఒప్పుకున్న కుర్రవాడు ఒక ప్రశ్న అడిగినప్పుడు కసరి పంపుట వైద్యము కాదు. పరీక్షించి చెప్పెదనన్నాను. నూనె గొట్టమును అతని చేతనే తీయించి, వట్టి బ్యాటరీని మాత్రము నా వద్ద ఉంచుకున్నాను. మా బజారులో టీ.వీ.లు, ఇన్వర్టర్లు బాగుచేసే యువకుని సాయముతో రెండు సాయంత్రములు దానిని పరిశీలించినాను. ఇట్టి వస్తువు మీ పిల్లల సంచిలో కనిపించిన యెడల అది ఏమిటో తెలియవలెను గనుక ఇక్కడ కొంత వివరముగానే చెప్పెదను.

లోపల ఉన్నది సెల్ ఫోనులో ఉండే జాతి లిథియం-అయాన్ ఘటమే. దీని సామర్థ్యము 350 మిల్లీ ఆంపియర్ అవర్లు. అనగా 5000 ఉన్న సెల్ ఫోను బ్యాటరీలో పదునాలుగవ వంతు. గాజు గొట్టపు అడుగున సన్నని మర ఉండును. దానికి వాడుకలో 510 మర అని పేరు. ఆ మరకు ఒక అయస్కాంతపు ఉంగరమును బిగించి బొరియలో జారవిడిచిన చాలు, టక్కున అతుక్కొనును. గొట్టము అడుగున పింగాణీ వంటి పదార్థములో పొదిగిన చిన్న తీగచుట్ట ఉన్నది. బొత్తాము నొక్కగానే తీగ వేడెక్కి నూనెను సూక్ష్మ బిందువుల మేఘముగా మార్చును. ఐదుసార్లు వరుసగా నొక్కిన వెలుగును, మరల ఐదుసార్లు నొక్కిన ఆరును. రెండుసార్లు నొక్కిన, గడ్డకట్టిన నూనె కరుగుటకు పదునైదు సెకనులు మెల్లగా వేడిచేయును. వేడిని మూడు మెట్లుగా మార్చుకొనవచ్చును. ఒక్కొక్క మెట్టునకు ఒక రంగు దీపము. అవి 2.7, 3.2, 3.7 వోల్టులు.

పనితనమును కాదనలేను. పది సెకనులకు మించి నొక్కి పట్టిన దానంతట అదే ఆగిపోవును. తీగలు కలిసిపోయిన యెడల విద్యుత్తును నిలిపివేయును. చార్జి మరీ తగ్గిన పనిచేయదు. మన టీ.వీ. యువకుడు దానిని విప్పి చూచి, అతుకులు శుభ్రముగా ఉన్నవని మెచ్చుకున్నాడు. కాని ఈ రక్షణలన్నియు ఎవరికొరకు? బ్యాటరీ పేలకుండుటకు, తీగ మాడకుండుటకు. పీల్చువాని ఊపిరితిత్తులకు ఈ పెట్టెలో ఒక్క రక్షణయు లేదు.

మెట్ల సంగతి చూడుడు. పేరుకు 2.7 నుండి 3.7 వరకు, ఒక్క వోల్టు తేడా. కాని తీగలో పుట్టు వేడి వోల్టేజి వర్గమును బట్టి పెరుగును. తీగ నిరోధము 1.4 ఓములు అనుకొనిన, క్రింది మెట్టున 5.2 వాట్లు, నడిమి మెట్టున 7.3, పై మెట్టున 9.8 వాట్లు. అనగా రంగు రెండుసార్లు మారునప్పటికి వేడి ఇంచుమించు రెట్టింపు అగుచున్నది. ఆ నూనె అసలు ఎన్ని డిగ్రీలకు చేరినదో చెప్పు సాధనము ఈ పెట్టెలో లేదు. నూనె తక్కువైన గొట్టములో అదే వోల్టేజి తీగను మాడ్చును. చివరి చుక్కల దగ్గర గొంతు మండునని కుర్రవాడే చెప్పినాడు.

510 మర లోకములో చాల కంపెనీలకు ఉమ్మడి. ఏ పెట్టెకైనను ఏ గొట్టమునైనను బిగించవచ్చును. దీనిని సౌకర్యమని చెప్పుకొందురు. వైద్యుని కంటికి ఇదే పెద్ద లోపము. పెట్టె చేసినవానికి అందులోకి ఏ నూనె వచ్చునో తెలియదు. నూనె నింపినవానికి అది ఎంత వేడి మీద ఉడుకునో తెలియదు. మధ్యలో ఉన్న కుర్రవానికి రెండును తెలియవు. ఔషధమును, యంత్రమును, మాత్రను ఒకే వైద్యుడు కూర్చునప్పుడు తప్పు జరిగిన అడుగుటకు ఒకడుండును.

ఇక్కడ మన శాస్త్రము సంగతి చెప్పవలెను. ఎందుకనగా "చరకుడు కూడా పొగ త్రాగమన్నాడు గదా" అను మాట ఈ మధ్య చదువుకున్నవారి నోట వినుచున్నాను. అన్న మాట నిజమే. చరకసంహిత సూత్రస్థానము ఐదవ అధ్యాయములో ధూమపానము స్వస్థవృత్తములో భాగముగా ఉన్నది. ప్రాయోగికము, స్నైహికము, వైరేచనికము అని మూడు విధములు. కాని ఆ అధ్యాయమును చివరివరకు చదివినవాడు ఈ నల్లపెట్టెను దానితో పోల్చడు.

అందులో పొగాకు లేదు. అది పోర్చుగీసువారి కాలములో వచ్చిన మొక్క. గంజాయియు లేదు. చందనము, ఏలకులు, లవంగపట్ట, ఆకుపత్రి, వట్టివేరు వంటి ద్రవ్యములను నూరి, రెల్లు పుల్లకు బొటనవ్రేలి లావున ఎనిమిది అంగుళముల పొడవున పూసి, ఎండిన తరువాత పుల్లను లాగివేసి, నేయి పూసి వెలిగింతురు. దానిని పీల్చు గొట్టమునకు ధూమనేత్రమని పేరు. వైరేచనికమునకు ఇరువదినాలుగు అంగుళములు, స్నైహికమునకు ముప్పదిరెండు, నిత్యము వాడదగిన ప్రాయోగికమునకు ముప్పదియారు. అది తిన్నగా ఉండవలెను, మూడు చోట్ల గనుపులుండవలెను, కొన రంధ్రము రేగు గింజ పట్టునంత ఉండవలెను. ఇంత పొడవెందుకు? చరకుడే కారణము చెప్పినాడు. దూరము నుండి వచ్చి, గనుపుల వద్ద విరిగి, గొట్టములో పలుచబడిన పొగ ఇంద్రియములను బాధించదు, అదియు మాత్రను, కాలమును పాటించినప్పుడు. విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ కొలతలను కంఠస్థము చేయుటయే గాని, వాటి అర్థము నాకు తెలియలేదు. ఈ పెట్టెను చేతిలో పట్టుకొన్న సాయంత్రము తెలిసినది. రోజూ వాడు దానికి అన్నిటికంటె పొడవైన గొట్టము పెట్టినారు. ఈ పెట్టెలో వేడి తీగకు, పెదవికి నడుమ నా బొటనవ్రేలంత దూరమైనను లేదు.

నిప్పు అంగిలికి దగ్గరగుట వలన ఏమగునో మన తెలుగునాట అందరికంటె ముందు తెలుసుకొన్నవారు ఉత్తరాంధ్ర తీరగ్రామముల స్త్రీలు. చుట్టను నిప్పువైపు నోటిలో పెట్టుకొని పీల్చుటను అక్కడ అడ్డపొగ అంటారు. ఆ అలవాటున్నవారి అంగిలి మీద తెల్లని మచ్చలు, పుండ్లు, కాన్సరు వచ్చుటను వైద్యులు దశాబ్దములుగా నమోదు చేసియున్నారు. ఈ పెట్టె వేడి దానంత కాదు, పోలిక అంతవరకే.

కాలనియమము మరి ముఖ్యము. స్నానము చేసిన తరువాత, భోజనము తరువాత, దంతధావనము తరువాత, నస్యము తరువాత, ఇట్లు ఎనిమిది సమయములు చెప్పి, వాటిలో కూడా ప్రాయోగికము దినమునకు రెండుసార్లకు మించరాదనినారు. ఒక్కొక్కసారి మూడేసి దమ్ములు మూడు మారులు. నోటితో పీల్చినది నోటితోనే విడువవలెను, ముక్కున విడిచిన కన్నులకు చెరుపు. గర్భిణులకు, దుఃఖములో ఉన్నవారికి, మద్యము త్రాగినవారికి, రాత్రి జాగరణ చేసినవారికి నిషేధము. పదునెనిమిదేండ్లు నిండనివారికి ధూమము పనికిరాదని వాగ్భటుడు. మా ఊరిలో ఎనిమిదవ తరగతి పిల్లల సంచులలో రంగురంగుల వేప్ పెన్నులు దొరికినవని ఒక ఉపాధ్యాయుడు చెప్పినాడు. వాగ్భటుని కాలమున సంచులు వెదకు పని లేదు గాని, వయోనియమము మాత్రము అప్పుడే చేసినారు.

బీడీ కాలిపోవును. చుట్ట ఆరిపోవును. వర్తి తరిగిపోవును. వస్తువే ఇక చాలునని చెప్పును. ఈ పెట్టె చాలునని చెప్పదు. లెక్క వేసి చూచినాను. 350 మిల్లీ ఆంపియర్ అవర్ల ఘటము క్రింది మెట్టున మొత్తము పదునైదు నిమిషములు తీగను వేడిచేయగలదు. మూడు సెకనుల దమ్ము చొప్పున మూడు వందల దమ్ములు. పై మెట్టున నూట అరువది. రాత్రి గోడకు గుచ్చిన తెల్లవారేసరికి మరల మూడు వందలు సిద్ధము. వాసన ఉండదు, బూడిద ఉండదు, అగ్గిపెట్టె అక్కరలేదు, చదువుచున్న పుస్తకము మూయనక్కరలేదు. చిన్నది, తేలికది, దాచుటకు వీలైనది అని ఏ గుణములకు దానిని మెచ్చుకొందురో ఆ గుణములే మాత్రను, కాలమును చెరిపివేయుచున్నవి.

మాత్ర ఎంత? కుర్రవాని గొట్టములో ఒక గ్రాము నూనె. అందులో మత్తు కలిగించు టి.హెచ్.సి. అను పదార్థము నూటికి ఎనుబది పాళ్ళు, అనగా 800 మిల్లీగ్రాములు. అమెరికాలో మాదకద్రవ్యములపై పరిశోధన జరుపు జాతీయ సంస్థ 2021లో ఈ పదార్థమునకు ఒక ప్రమాణ మాత్రను నిర్ణయించినది. అది 5 మిల్లీగ్రాములు. ఆ లెక్కన ఒక గొట్టములో నూట అరువది మాత్రలు. కుర్రవాడు ఐదు దినములకు ఒక గొట్టము ముగించుచున్నాడు. కొంత గాలిలో పోయినదనుకొనినను, దినమునకు ముప్పది మాత్రల ప్రమాణము. మన వైద్యములో విజయ అను పేరుతో భంగాకు వాడుట కలదు, జాతీఫలాది చూర్ణములో అది ఉన్నది. కాని దానిని శోధించి, ఇతర ద్రవ్యములతో కలిపి, గ్రహణి రోగులకు గురిగింజల తూకమున ఇచ్చుట వేరు. చట్టము కూడా దానిని విషద్రవ్యముల పట్టికలోనే ఉంచినది.

ఇప్పుడు వేడినీళ్ళ స్నానము సంగతి. గంజాయిని చాలకాలము, చాల ఎక్కువగా వాడినవారిలో కొందరికి విడువని వాంతుల వ్యాధి వచ్చును. వేడినీటి స్నానము చేసినంతసేపు హాయిగా ఉండుట దాని విచిత్ర లక్షణము. దక్షిణ ఆస్ట్రేలియా వైద్యులు 2004లో దీనిని మొదట వివరించినారు. చర్మముపై వేడిని గ్రహించు ఒక నాడీ గ్రాహకమే మిరప కారమును కూడా గ్రహించును. అందుచేత కొన్ని ఆసుపత్రులలో ఈ రోగుల పొట్టపై మిరపసారపు లేపనము పూయుదురు. ఇంటిలో మిరపపొడితో ఎవరును ఈ ప్రయత్నము చేయరాదు, చర్మము కాలును. ఈ వ్యాధికి అసలు చికిత్స ఒక్కటే: వాడుట పూర్తిగా మానుట. నిదాన పరివర్జనమే మొదటి చికిత్స అని మేము చిన్ననాట వల్లించిన మాటయే. అమ్లపిత్తపు మందులన్నియు దీని ముందు నిలువవు. ఆ తల్లి గీజరు మాట మొదటిసారి చెప్పినప్పుడే నేను చెవి పెట్టియుండవలసినది.

నూనెను ఊపిరితో పీల్చుట అను విషయములో మరి రెండు మాటలు. 2019లో అమెరికాలో వేప్ వాడిన యువకులు ఊపిరాడక ఆసుపత్రులలో చేరసాగినారు. 2020 ఫిబ్రవరి నాటికి అక్కడి ప్రభుత్వ లెక్క 2807 మంది రోగులు, 68 మంది మృతులు. వారిలో అధికసంఖ్యాకులు గంజాయి గొట్టములు, అందులోను బజారు చాటున కొన్నవి, వాడినవారు. ఊపిరితిత్తులను కడిగి తీసిన ద్రవమును పరీక్షింపగా 51 మందిలో 48 మందికి విటమిన్ ఇ ఎసిటేటు కనబడినది. నూనె చిక్కగా కనబడుటకు కల్తీదారులు దానిని కలిపినారు. విటమిన్ ఇ మాత్రగా మ్రింగిన ఆహారము, చర్మమునకు పూసిన లేపనము. ఊపిరితిత్తిలో అదే విషము. ద్రవ్యము ఒక్కటే, మార్గము వేరు. మన కుర్రవాడు లైసెన్సు ఉన్న దుకాణములో కొన్నాడు గనుక ఆ ఆపద తప్పినది. అంతమాత్రమున వేడిచేసిన నూనె నిర్దోషమని చెప్పలేము. నికోటిన్ గొట్టములలో వాడు గ్లిసరిన్ అధిక ఉష్ణమున ఫార్మాల్డిహైడు, అక్రోలిన్ అను ఘాటైన విషవాయువులను పుట్టించును. తీగల నుండి, అతుకుల నుండి నికెల్, సీసము వంటి లోహములు ఆవిరిలోనికి వచ్చుటయు పరీక్షలలో తేలినది.

ఈ మార్గభేదమును గురించి పరదేశమునకు బుద్ధి చెప్పుటకు ముందు మన ఇంటిని చూచుకొనవలెను. పసిపిల్లలకు స్నానము చేయించి ముక్కులో ఆముదమో కొబ్బరినూనెయో నేయియో పోయు ఆచారము ఇంకను కొన్ని ఇండ్లలో ఉన్నది. ఆ నూనె ఊపిరితిత్తిలో దిగి న్యుమోనియా తెచ్చిన పసికందులను మన పిల్లల వైద్యులు ఎందరినో చూచినారు. నస్యము పెద్దలకు వైద్యుడు చేయు క్రియ. ఏడేండ్ల లోపు పిల్లలకు దానిని శాస్త్రమే నిషేధించినది. దయచేసి ఆ పని చేయకుడు, ఇంటిలో పెద్దవారు చేయబోయిన వారించుడు.

కుర్రవాని ప్రశ్నకు నా సమాధానము అతనితో ఇట్లు చెప్పినాను: "బాబూ, యంత్రం పనితనంలో లోపం లేదు. కాలే పొగలో ఉండే తారు, బొగ్గువాయువు ఇందులో తక్కువ, అదీ ఒప్పుకుంటాను. కాని నువ్వు అడగాల్సింది ఈ బ్యాటరీ మంచిదా అని కాదు. రోజుకు ఎన్నిసార్లు నొక్కుతున్నావో అది లెక్కపెట్టి చూపిస్తుందా? నిన్ను ఒక్కసారైనా ఆపిందా?" అతడు తల వంచుకొని, "ఎన్నిసార్లో నాకే తెలీదు తాతగారూ" అన్నాడు.

చట్టము సంగతి గృహస్థులు తెలిసికొనవలెను. మన దేశములో 2019 చట్టము ప్రకారము ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకము, నిల్వ, ప్రకటన అన్నియు నేరములు. ఒక పదార్థమును వేడిచేసి పీల్చుటకు ఆవిరిగా మార్చు పరికరము, నికోటిన్ ఉన్నను లేకున్నను, ఆ నిర్వచనములోనికి వచ్చును. దిగుమతి, అమ్మకములకు మొదటి తప్పునకు ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేక రెండును. నిల్వకు ఆరు నెలల వరకు జైలు, యాభై వేల వరకు జరిమానా లేక రెండును. గంజాయి సారమైనచో 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము, అది ఇంకను కఠినము. ఔషధ చట్టము క్రింద అనుమతి పొందిన ఆస్తమా ఇన్‌హేలర్లకు ఈ నిషేధము లేదు. వాటిని చూచి భయపడకుడు. "మూలికల వేప్", "తులసి వేప్" అని ఆయుర్వేదము పేరు పెట్టి అమ్మజూచువారిని మాత్రము నమ్మకుడు. నికోటిన్ లేదనుట వలన నిషేధము తొలగిపోదు. జలుబుకు వాము, తులసి వేసి మరగించిన నీటి ఆవిరి చాలును. అదియు గిన్నె పొయ్యి మీద నుండి దించిన తరువాతనే.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు ఇంకొక మాట. కొలరాడో ప్రజలు 2012లో ఓటు వేసి ఇరువదియొక్క ఏండ్లు దాటినవారికి గంజాయిని అనుమతించినారు. ఆ దేశపు కేంద్ర చట్టము అట్లు అనుమతించలేదు. వీసాలు చూచునది కేంద్రము. దుకాణములో బహిరంగముగా కొన్న వస్తువు విదేశీ విద్యార్థి వీసాకు అడ్డు రావచ్చును. ఆ కుర్రవాడు దానిని సంచిలో పెట్టుకొని రెండు దేశముల విమానాశ్రయములు దాటి వచ్చినాడని తలచుకొనిన ఇప్పటికిని నాకు భయము వేయును. ఆ మాట విన్న తండ్రి ఆ రాత్రియే తమకు తెలిసిన న్యాయవాది వద్దకు వెళ్ళినాడు.

మరునాడు నేను కుర్రవానిని పట్టణములోని ఆసుపత్రికి పంపినాను. ఆగని వాంతులకు ఇంటివైద్యము చేయరాదు. మూత్రము తగ్గినను, నిలుచున్నప్పుడు కళ్ళు తిరిగినను ఒక్క పూట కూడా ఆలస్యము చేయరాదు, మూత్రపిండములు దెబ్బతినును. అక్కడ సెలైను ఎక్కించి, రక్తపరీక్షలు, కడుపు స్కానింగు చేసి, ఇతర కారణములు లేవని తేల్చినారు. ఇంటికి వచ్చిన తరువాత నా వంతు కొంచెమే. మొదట పేలాల జావ, చిటికెడు ఉప్పు, చక్కెర వేసి గంటకు నాలుగు చెంచాలు. నిలిచిన తరువాత పాత బియ్యపు గంజి, పెసరకట్టు. మానిన మొదటి వారము నిద్ర పట్టదు, చిరాకు, చెమటలు, ఆకలి ఉండదు అని ముందే చెప్పినాను. చెప్పకున్నచో ఏదో కొత్త రోగమని భయపడును. రాత్రి పాదములకు గోరువెచ్చని నువ్వుల నూనె మర్దన. ఆ పని తల్లి చేసినది. "అమ్మా, ఇంటిలో దీని గురించి కేకలు వేయవద్దు, రోజూ ఒకసారి ఎట్లా ఉన్నావని అడిగితే చాలు" అని ఆమెను కోరినాను. అది ఆమెకు పేలాల జావ కాచుట కంటె కష్టమైనది.

పదునొకండవ దినమున ఫోను చేసినది. "రెండు పెసరట్లు తిన్నాడు వైద్యులు గారూ. గీజరు వెయ్యలేదు" అన్నది.

అతడు తిరిగి వెళ్ళిన మూడు నెలలకు ఒక రాత్రి నాకే నేరుగా ఫోను వచ్చినది. పరీక్షల వేళ మిత్రుని పెట్టె తీసుకొని రెండు వారములు పీల్చినాడట, మరల వికారము మొదలైనదట. ఇంటిలో చెప్పలేదన్నాడు. ఆ ఉదయము వేడినీటి క్రింద ఎంతసేపు నిలుచున్నావని అడిగినాను. నలుబది నిమిషములన్నాడు. వారి విశ్వవిద్యాలయములో విద్యార్థులకు వైద్యశాల ఉన్నది, అక్కడి వైద్యునితో నాతో చెప్పినట్లే ఉన్నదున్నట్లు చెప్పుమని, చెప్పిన తరువాత ఎంత రాత్రియైనను నాకు ఫోను చేయుమని అన్నాను. మరునాడు చేసినాడు.